కాగితాలకు కాపలాదారు: స్టెఫాన్ జ్వైగ్ జీవితం

సంతకం విలువ పెన్షనర్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదంటే అతిశయోక్తి కాదు. ఉద్యోగంలో చేరిన రోజున హాజరు పట్టీలో పెట్టిన తొలి సంతకం మొదలుకొని, పదవీ విరమణ నాడు చార్జి అప్పగిస్తూ పెట్టిన ఆఖరి సంతకం దాకా మన జీవితమంతా సంతకాల మధ్యనే గడిచింది. ఆ తరువాత కూడా ఏటేటా మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ మీద సంతకం చేసి రుజువు చేసుకుంటూ వచ్చాం. ఇప్పుడు వేలిముద్రతోను, ముఖం చూపించడంతోను ఆ పని జరిగిపోతున్నదిగాని, చేయి కొద్దిగా వణికి సంతకం తేడా వస్తే బ్యాంకు కౌంటరు దగ్గర పడే అవస్థ మనలో చాలామందికి అనుభవమే.

అటువంటి సంతకాలను, గొప్పవారి చేతిరాతలను, ఉత్తరాలను, యుద్ధకాలపు పత్రాలను వేలంపాటల్లో కొని జీవితమంతా పోగుచేసిన ఒక మహా రచయిత కథ ఈ ప్రత్యేక సంచికలో సభ్యులకు, వారి కుటుంబ సభ్యులకు వినిపించాలని ఈ వ్యాసం. ఆయన పేరు స్టెఫాన్ జ్వైగ్. ఆస్ట్రియా దేశస్థుడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ప్రపంచ భాషల్లోకి అత్యధికంగా అనువాదమైన రచయితల్లో ఒకరు. ఆయన కథలు మన దేశంలోనూ ఎందరో చదివారు. అయితే ఆయనలోని సేకర్తను గురించి తెలిసినవారు తక్కువ.

బాల్యం

జ్వైగ్ 1881 నవంబరు 28న వియన్నా నగరంలో ఒక సంపన్న యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి మోరిట్జ్ జ్వైగ్ బట్టల మిల్లు యజమాని. తల్లి ఇడా బ్యాంకు వ్యాపారం చేసే కుటుంబం నుండి వచ్చినావిడ. అన్నగారు ఆల్ఫ్రెడ్ వ్యాపారం చూసుకోవడంతో చిన్నవాడైన స్టెఫాన్‌కు చదువుకు, రచనకు కావలసినంత తీరిక దొరికింది.

ఆనాటి వియన్నాలో సంగీతం, నాటకం అంటే జనానికి ప్రాణం. మన ఊళ్లలో ఒకప్పుడు పద్యనాటకాల నటుల పేర్లు పిల్లలకు సైతం కంఠస్థమైనట్లే, అక్కడ బడిపిల్లలకు నటులు, గాయకుల పేర్లు కంఠస్థం. స్టెఫాన్, అతని స్నేహితులు నాటకశాల వెనుక గుమ్మం దగ్గర నిలబడి బయటికి వచ్చే కళాకారుల సంతకాలు తీసుకొనేవారు. ప్రసిద్ధ రచయితలకు ఉత్తరాలు రాసి, జవాబు వస్తే దాచుకొనేవారు. ఇటువంటి సరదా చాలామంది పిల్లలకు ఉంటుంది. పెద్దయ్యాక పోతుంది. ఆయన విషయంలో మాత్రం అది పోలేదు సరికదా, వయసుతోపాటు ముదిరింది.

1901లో, ఇరవై ఏళ్లు నిండకుండానే, తొలి కవితా సంపుటి వెలువరించారు. 1904లో వియన్నా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. తరువాత బెర్లిన్, పారిస్, లండన్ నగరాలు తిరిగారు. 1908-09లో మన దేశానికి కూడా వచ్చి కాశీ, కలకత్తా చూశారు. ఆ ప్రయాణాలన్నీ పాస్‌పోర్టు అనేది కంటితో చూడకుండానే చేశానని ఆయన తరువాత తన ఆత్మకథలో గుర్తుచేసుకున్నారు. పాఠకులు ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకోవాలని మనవి. ముందుముందు దీని అవసరం వస్తుంది.

సంతకం నుండి చిత్తుప్రతికి

కొంతకాలానికి జ్వైగ్‌కు ఒట్టి సంతకాల మీద మోజు తగ్గింది. ఒక గొప్పవాని సంతకం అతడు ఉన్నాడని చెబుతుందేగాని, అతడు ఎలా ఆలోచించాడో చెప్పదు. అది చెప్పేది చిత్తుప్రతి. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఈ సంగతి వివరించనక్కరలేదు. ఫెయిర్ కాపీ చూసినవానికి ఉత్తర్వు ఒక్కటే కనబడుతుంది. నోట్ ఫైలులోని డ్రాఫ్టు, దానిమీది కొట్టివేతలు, మార్జిన్‌లో అధికారి రాసిన మాటలు చూసినవానికి ఆ ఉత్తర్వు పుట్టిన విధమంతా కనబడుతుంది. కవి ఒక పదం రాసి, కొట్టేసి, మరో పదం రాసి, మళ్ళీ మొదటి పదానికే తిరిగివచ్చిన కాగితం దొరికితే సృష్టి రహస్యం కొంతైనా చేతికందుతుందని ఆయన నమ్మకం.

ఈ నమ్మకం బలపడడానికి పారిస్‌లో జరిగిన ఒక సంఘటన తోడ్పడింది. మహాశిల్పి రోడాన్ ఒకనాడు జ్వైగ్‌ను తన పనిశాలకు తీసుకువెళ్ళి, తాను చేస్తున్న శిల్పం చూపించారు. చూపిస్తూనే ఎక్కడో చిన్న లోపం కనబడి దిద్దడం మొదలుపెట్టారు. అలా పనిలో మునిగిపోయి, పక్కన అతిథి ఉన్న సంగతే మరిచారు. చివరకు శిల్పానికి తడిగుడ్డ కప్పి, తలుపు వేసుకొని వెళ్ళబోతూ, లోపల నిలబడి ఉన్న యువకుణ్ణి అప్పుడు గమనించి నొచ్చుకున్నారు. జ్వైగ్ మాత్రం నొచ్చుకోలేదు. ఒక కళాకారుడు తనను తాను మరచిపోయి పనిచేయడం కళ్లారా చూశాననే ఆనందమే ఆయనకు మిగిలింది. చిత్తుప్రతుల్లో ఆయన జీవితాంతం వెతికింది ఆ ఏకాగ్రతనే.

ఈ కాలంలోనే లండన్‌లో విలియం బ్లేక్ గీసిన జాన్ రాజు రేఖాచిత్రం ఒకటి ఆయనకు దొరికింది. ఎన్ని ఇళ్లు మారినా ఆ చిత్రం చాలాకాలం ఆయన వెంటే ఉన్నది.

వియన్నాలో ఆయన అద్దెకున్న భవనంలోనే పియానో పాఠాలు చెప్పే ఒక పెద్దావిడ ఉండేది. ఆమె తల్లి ఎనభై ఏళ్ల వృద్ధురాలు. ఆమె మహాకవి గోథే వైద్యుడైన డాక్టర్ ఫోగెల్ కుమార్తె అని, 1830లో ఆమె బారసాల వంటి క్రైస్తవ సంస్కారం సాక్షాత్తు గోథే సమక్షంలో జరిగిందని తెలిసి జ్వైగ్ నిర్ఘాంతపోయారు. గోథే చూపు సోకిన మనిషి ఒకరు ఇరవయ్యవ శతాబ్దంలో తనతో ఒకే కప్పు కింద ఉన్నారు! చరిత్ర ఎక్కడో పుస్తకాల్లో లేదు, మన పక్కింటి ముసలివారిలో ఉంటుందని ఆయన గ్రహించారు. మనుమలు, మనుమరాళ్లు ఈ ముక్కను కాస్త జాగ్రత్తగా చదవాలి.

యుద్ధం నేర్పిన పాఠం

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జ్వైగ్‌ను వియన్నాలోని సైనిక పత్రాగారంలో గుమాస్తా వంటి పనికి నియమించారు. కవి రిల్కే కూడా 1916లో కొంతకాలం ఆ కార్యాలయంలోనే పనిచేశారు. 1915 వేసవిలో జ్వైగ్‌కు ఒక ప్రత్యేకమైన పని అప్పగించారు. గలీషియా ప్రాంతాన్ని అంతకుముందు రష్యా సేనలు ఆక్రమించి, తరువాత వెనక్కు పోయాయి. ఆక్రమణ కాలంలో వారు గోడలకు అంటించిన ప్రకటనలు, ఆజ్ఞాపత్రాలు చిరిగిపోకముందే పోగుచేసి తేవాలి. సేకర్తకు ఇంతకంటె నచ్చిన ఉద్యోగం ఏముంటుంది?

ఆ పనిమీద తిరుగుతూ ఆయన శిథిలమైన ఊళ్లు చూశారు. తిరుగు ప్రయాణం క్షతగాత్రులను మోసుకొచ్చే రైలులో జరిగింది. మందులు లేవు, కట్టుగుడ్డలు లేవు, దుర్వాసన, మూలుగులు. ఆ రైలు దిగిన కొన్ని గంటలకే బుడాపెస్టులో జనం పూలగుత్తులతో షికారు చేస్తూ కనిపించారు. పత్రికల్లో విజయగాథలు. గోడమీది కాగితం చెప్పేదానికి, గోడవెనుక జరిగేదానికి ఉన్న దూరం ఆయనకు ఆనాడు తెలిసివచ్చింది. యుద్ధ వ్యతిరేక నాటకం ‘జెరెమియా’ రాసి 1917లో ప్రచురించారు. ఫ్రెంచి రచయిత రోమా రోలాతో స్నేహం గాఢమైంది. మన గాంధీజీని గురించి పుస్తకం రాసి ఐరోపాకు పరిచయం చేసినవారిలో ఈ రోలా ముఖ్యులు.

యుద్ధకాలపు పత్రాలు కొనేవారు, దాచేవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. సైనికుడు ఇంటికి రాసిన కార్డు, రేషను చీటీ, తప్పిపోయినవారి కోసం వేసిన ప్రకటన వంటివి సామాన్యుని చరిత్ర. సేనాధిపతి ఆజ్ఞాపత్రం పక్కన ఆ కార్డును కూడా ఉంచినప్పుడే యుద్ధం నిజరూపం కనబడుతుంది.

వేలం గదిలో

యుద్ధం ముగిశాక 1919లో జ్వైగ్ సాల్జ్‌బర్గ్ పట్టణంలో కొండమీద తాను కొన్న పాత భవంతికి మారారు. 1920లో ఫ్రిడెరికేను వివాహమాడారు. రచనలకు పేరు, డబ్బు వచ్చాయి. ఆ డబ్బులో పెద్దభాగం కాగితాలకే వెళ్ళింది.

ఈ వేలాలు ఎలా జరిగేవో కొంచెం చెప్పాలి. వేలం సంస్థవారు ముందుగా కేటలాగు అచ్చువేసి పంపుతారు. అందులో ప్రతి వస్తువుకు ఒక నంబరు, ఎవరి చేతిరాత, ఎన్ని పుటలు, ఏ స్థితిలో ఉన్నది, ఎవరి చేతులు మారి వచ్చింది అనే వివరాలుంటాయి. రాలేనివారు తమ గరిష్ఠ ధర ఉత్తరం ద్వారా తెలపవచ్చు, లేదా ఏజెంటును పంపవచ్చు. పాట మూడోసారి దాటి సుత్తి పడితే ఇక మాట వెనక్కు తీసుకోవడానికి లేదు. పాడిన ధర మీద సంస్థవారి కమీషన్ కూడా కట్టాలి. మన ఊళ్ల చేపల చెరువు పాటకు, దీనికి పద్ధతిలో భేదం పెద్దగా లేదు. అక్కడా ఇక్కడా పంతానికి పోయినవాడే నష్టపోయేది.

జ్వైగ్ పంతానికి పోయేవారు కాదు. ఆయన దగ్గర రాతప్రతులకు సంబంధించిన పాత కేటలాగులు దాదాపు నాలుగు వేలు ఉండేవి. ఏ కాగితం ఏ సంవత్సరంలో ఎంతకు పోయిందో, ఇప్పుడు ఎవరి దగ్గరున్నదో ఆయనకు తెలుసు. తాను కొన్న ప్రతిదానికి ఒక కార్డు రాసి, దాని పుట్టుపూర్వోత్తరాలు నమోదు చేసేవారు. మన భాషలో చెప్పాలంటే ప్రతి కాగితానికి ఒక సర్వీసు రిజిస్టరు తెరిచారన్నమాట.

ఈ జాగ్రత్త అనవసరమైనది కాదు. ఈ రంగంలో మోసానికి కొదవలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సులో వ్రాం లుకా అనే మోసగాడు షాల్ అనే పేరుపొందిన గణితవేత్తకు వేలకొద్దీ దొంగ ఉత్తరాలు అమ్మాడు. అందులో క్లియోపాత్రా రాసినట్టు చెప్పిన ఉత్తరం కూడా ఉన్నది, అదీ ఫ్రెంచి భాషలో! అంతటి పండితుడు దానిని నమ్మాడు. 1870లో మోసగాడికి జైలుశిక్ష పడింది. 1983లో హిట్లర్ డైరీలంటూ జర్మనీలోని ఒక వారపత్రిక లక్షల మార్కులు పోసి కొన్న పుస్తకాలు కూడా దొంగవేనని తేలింది. యుద్ధం ముగిసిన తరువాతగాని వాడుకలోకి రాని రసాయనం ఆ కాగితంలో ఉండడమే వాటిని పట్టించింది. అందుకే అనుభవజ్ఞులు ముందు కాగితాన్ని, సిరాను, చేతులు మారిన క్రమాన్ని చూస్తారు. రాసిన విషయాన్ని ఆ తరువాతే చదువుతారు.

జ్వైగ్ సంపాదించినవి సామాన్యమైనవి కావు. గోథే ‘ఫౌస్ట్’ నుండి ఒక పుట, లియొనార్డో డావించీ అద్దంలో చూస్తేగాని చదవలేని రాతతో ఉన్న కాగితం, నెపోలియన్ సైన్యానికి గబగబా రాసిన ఆజ్ఞాపత్రం, అచ్చుప్రూఫుల మీదనే కొత్తగా నవల రాశారా అన్నంతగా బాల్జాక్ దిద్దిన పుటలు, షోపా ‘బార్కరోల్’ రాతప్రతి, మొజార్ట్ తన రచనలకు తానే రాసుకున్న జాబితా పుస్తకం ఆయన భాండారంలో ఉండేవి.

వాటన్నిటిలో మనసును తాకేవి బీథోవెన్ వస్తువులు. 1827లో ఆ సంగీతకారుడు మరణించాక ఆయన సామాను వేలం వేశారు. మిత్రుడైన బ్రాయినింగ్ కొన్నిటిని కొన్నాడు. శతాబ్దం గడిచాక ఆ వంశీకుల నుండి జ్వైగ్ వాటిని సంపాదించారు. బీథోవెన్ రాతబల్ల, డబ్బు పెట్టె, జుట్టు పాయ వాటిలో ఉన్నాయి. వణికే చేతితో ఆయన రాసుకున్న చివరి చాకలి పద్దు కూడా ఉన్నది. ఇంకొక కాగితం మరీ విశేషమైనది. బీథోవెన్ పోయాక ఆయనకు వండిపెట్టిన సాలీ అనే వంటమనిషికి దిక్కులేకపోతే మిత్రులు చందాలు పోగుచేశారు. ఆ చందా పట్టీ అది. మహాపురుషుల జీవితాల్లో ఇటువంటి సాలీల పేర్లు ఒక కాగితం ముక్క వల్లనే మనకు మిగులుతాయి. ఆ వంటమనిషికి పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఉన్నదల్లా నలుగురి దయ. ఉద్యోగుల సంఘాలు ఎందుకు పుట్టాయో ఆ చందా పట్టీయే చెబుతున్నది.

ఒక పెన్షనరు కథ

1923లో జర్మనీలో రూపాయి విలువ పడిపోవడం వంటిది కాదు, డబ్బు అనేదే చచ్చిపోయింది. 1914లో ఒక డాలరుకు నాలుగు మార్కుల పైచిల్లర. 1923 నవంబరులో ఒక డాలరుకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు! ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి పెన్షన్ పుచ్చుకున్నవారి నెల మొత్తం రొట్టె ముక్కకు కూడా చాలలేదు. కరువు భత్యం అనే మాట మన జీవితాల్లో ఎంత ముఖ్యమైనదో తెలిసినవారికి ఆ స్థితి ఊహకు అందుతుంది.

ఆ రోజుల నేపథ్యంలో జ్వైగ్ 1925లో ‘కనబడని సేకరణ’ అనే కథ రాశారు. అందులో నాయకుడు అటవీశాఖలో పనిచేసి రిటైరైన వృద్ధుడు. ఎనభై దాటాయి, చూపు పోయింది. జీతంలో మిగిల్చి, చుట్ట కాల్చడం కూడా మానుకొని, అరవై ఏళ్లుగా కొన్న అపురూప చిత్రాల ముద్రణలు ఆయన ఆస్తి. రోజూ మధ్యాహ్నం వాటిని తీసి వేళ్లతో తడిమి ఆనందిస్తాడు. నిజానికి ఆ పెట్టెల్లో చిత్రాలు లేవు. ఆకలికి తాళలేక భార్య, కూతురు ఒక్కొక్కటే అమ్మేసి, వాటి స్థానంలో అదే కొలత తెల్లకాగితాలు పెట్టారు. అమ్మిన డబ్బు చేతికి వచ్చేసరికి అదీ చిత్తుకాగితమే అయింది. ఊరినుండి వచ్చిన వ్యాపారి ఈ సంగతి తెలుసుకొని, ముసలాయన గర్వంగా చూపించే తెల్లకాగితాలను ఒక్కొక్కటే మెచ్చుకుంటూ ఆ పూట గడిపి వస్తాడు. భార్యాకూతుళ్లను రచయిత ఎక్కడా నిందించడు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక వృద్ధుని సంతోషాన్ని కాపాడిన కథ అది. మన సభ్యుల గ్రంథాలయాల్లో దొరికితే తప్పక చదవదగినది.

అదివరకే 1922లో ‘శాశ్వత సోదరుని కన్నులు’ అనే పేరుతో భారతదేశం నేపథ్యంగా విరాటుడనే యోధుని కథ కూడా ఆయన రాశారు. మన పురాణ వాతావరణం ఆయనకు ఎంతగా నచ్చిందో దానివల్ల తెలుస్తుంది.

చెదిరిన గూడు

సాల్జ్‌బర్గ్ ఇంటి నుండి చూస్తే సరిహద్దు అవతల బెర్క్‌టెస్‌గాడెన్ కొండ కనబడుతుంది. ఆ కొండమీదనే హిట్లర్ నివాసం ఏర్పరచుకున్నాడు. 1933లో అతడు అధికారంలోకి వచ్చాడు. మే 10న బెర్లిన్ మొదలైన నగరాల్లో విద్యార్థుల చేత పుస్తకాలు తగులబెట్టించారు. జ్వైగ్ పుస్తకాలూ వాటిలో ఉన్నాయి. ఆశ్చర్యమేమంటే, జ్వైగ్ సేకరణలో హిట్లర్ చేతిరాత కూడా ఉన్నది. 1928లో ఒక ఉపన్యాసం కోసం అతడు రాసుకున్న పొడి మాటలు అవి. చరిత్రను దాచేవాడు తనకు నచ్చినవారి కాగితాలు మాత్రమే దాచితే అది చరిత్ర అనిపించుకోదు.

1934 ఫిబ్రవరి 18న ఆస్ట్రియా పోలీసులు జ్వైగ్ ఇంటికి వచ్చి, ఆయుధాలు దాచారేమోనని సోదా చేశారు. యుద్ధాన్ని జీవితాంతం ద్వేషించిన మనిషి ఇంట్లో ఆయుధాల సోదా! ఏమీ దొరకలేదు. కాని ఆ అవమానంతో ఆ ఇంటిమీద ఆయన మనసు విరిగింది. రోజుల వ్యవధిలో లండన్ చేరారు. ఇల్లు 1937లో అమ్ముడుపోయింది.

ప్రవాసంలో అంత భాండారాన్ని మోసుకు తిరగడం సాధ్యం కాదు. చాలాభాగం వియన్నా వ్యాపారి హింటర్‌బెర్గర్ ద్వారా అమ్మివేశారు. స్విట్జర్లాండుకు చెందిన మార్టిన్ బోడ్మర్ వాటిలో ఎన్నిటినో కొన్నారు. కొంత భాగం వియన్నా జాతీయ గ్రంథాలయానికి, తనకు వచ్చిన ఉత్తరాలలో కొన్నిటిని జెరూసలేం గ్రంథాలయానికి ఇచ్చారు. మరీ ప్రాణప్రదమైనవి కొన్ని మాత్రం దగ్గర ఉంచుకున్నారు. ఈ కాగితాలకు తాను యజమానినని ఆయన ఏనాడూ భావించలేదు. కొంతకాలం కాపలా కాసే బాధ్యత తనది, తరువాత ఒక సంస్థకు అప్పగించి పోవాలి అన్నదే ఆయన కోరిక. ఆ కోరిక తన చేతులమీదుగా తీరే యోగం లేకపోయింది.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాడు. యూదులు పార్కు బెంచీల మీద కూర్చోరాదని ఉత్తర్వు వచ్చింది. జ్వైగ్ తల్లికి ఎనభై నాలుగేళ్లు. కాస్త నడిచి బెంచీ మీద కూర్చొని ఆయాసం తీర్చుకోవడం ఆమెకు రోజూ అలవాటు. ఆ పాటి సుఖం కూడా ఆమెకు లేకుండా పోయింది. ఆ ఏడు ఆగస్టులో ఆమె కన్నుమూసింది. కొడుకు దగ్గర లేడు.

దేశమే పోవడంతో ఆయన ఆస్ట్రియా పాస్‌పోర్టు చెల్లని కాగితమైంది. ఒకనాడు పాస్‌పోర్టు ఊసే లేకుండా కాశీ దాకా వచ్చిన మనిషి, లండన్ ఆఫీసుల్లో ఒక తెల్ల కాగితం కోసం విదేశీయుల వరుసలో నిలబడ్డాడు. నెపోలియన్ సంతకాన్ని గుర్తుపట్టగల మనిషికి తన ఉనికిని తాను నిరూపించుకునే కాగితం కరువైంది. 1939లో తన కార్యదర్శి లోటే ఆల్ట్‌మన్‌ను రెండవ వివాహం చేసుకున్నారు. 1940లో బ్రిటిష్ పౌరసత్వం లభించింది.

ఆఖరి మజిలీ

1940లో జ్వైగ్ దంపతులు ఇంగ్లండు విడిచి అమెరికా ఖండానికి వెళ్ళారు. 1941లో బ్రెజిల్ దేశంలోని పెట్రోపొలిస్ పట్టణంలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆ కాలంలోనే ఆయన ‘నిన్నటి ప్రపంచం’ అనే ఆత్మకథ పూర్తిచేశారు. ప్రపంచంలోనే పేరెన్నికగన్న సేకర్త ఆ పుస్తకం రాసేటప్పుడు చేతిలో ఒక్క పాత ఉత్తరం లేదు, డైరీ లేదు, తన పుస్తకాల ప్రతులైనా లేవు. మొత్తం జ్ఞాపకం మీదనే రాశారు. మనం ఈ వ్యాసంలో చెప్పుకున్న రోడాన్ పనిశాల, ఎనభై ఏళ్ల వృద్ధురాలు, క్షతగాత్రుల రైలు అన్నీ ఆ జ్ఞాపకాల నుండి వచ్చినవే.

యుద్ధం ప్రపంచమంతా వ్యాపించింది. తాను ప్రేమించిన ఐరోపా మళ్ళీ లేవదన్న నిరాశ ఆయనను కమ్మేసింది. 1942 ఫిబ్రవరిలో, అరవై ఏళ్ల వయసులో, మిత్రులకు ఉత్తరాలు రాసిపెట్టి, భార్యతో కలిసి తన జీవితాన్ని తానే ముగించుకున్నారు. ఇది మెచ్చదగిన ముగింపు కాదు. మరి మూడేళ్లకు హిట్లర్ పోయాడు. ఆయన పుస్తకాలు మళ్ళీ ఆయన భాషలోనే అచ్చయ్యాయి. ఆ రోజు చూడడానికి ఆయన ఉండవలసింది. ఒంటరితనం, నిరాశ కమ్ముకున్న వేళ పక్కన నలుగురు ఉండడం ఎంత అవసరమో ఆ ముగింపు హెచ్చరిస్తున్నది. నెలకోసారి సమావేశానికి రాని సభ్యుని ఇంటికి వెళ్ళి పలకరించి రావడం సంఘాలు చేయగల మంచి పనుల్లో మొదటిది.

ఆయన చివరిదాకా ఉంచుకున్న రాతప్రతులను లోటే సోదరుని కుటుంబం భద్రపరచింది. 1986లో ఆయన వారసులు రెండు వందలకు పైబడిన ఆ పత్రాలను లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి ఉచితంగా ఇచ్చారు. మొజార్ట్ జాబితా పుస్తకం, షోపా రచన, హిట్లర్ ఉపన్యాసపు పొడిమాటలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. ఏ పండితుడైనా వెళ్ళి చదువుకోవచ్చు. కాపలాదారు కోరిక ఆయన పోయిన నలభై నాలుగేళ్లకు తీరింది. ఆయన ఆఖరిగా ఉన్న పెట్రోపొలిస్ ఇల్లు కూడా ఇప్పుడు స్మారక మందిరం.

మన ఇంటి కాగితాలు

వేలంపాటలో పాడే తాహతు మనకు లేదు, అవసరమూ లేదు. 2012లో గాంధీజీకి, ఆయన మిత్రుడు కాలెన్‌బాక్‌కు సంబంధించిన ఉత్తరాలు లండన్‌లో వేలానికి రాబోతుంటే భారత ప్రభుత్వమే ముందుకు వచ్చి, వేలం జరగకుండానే పెద్ద మొత్తం చెల్లించి తెచ్చుకున్నది. అటువంటివి ప్రభుత్వాలు చేయవలసిన పనులు. మనం చేయగలిగినది వేరే ఉన్నది.

మన ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో తాతల నాటి ఉత్తరాలు, దస్తావేజులు, తాటాకు ప్రతులు, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళినవారి కాగితాలు, ప్రపంచ యుద్ధంలో సిపాయిగా వెళ్ళినవారు రాసిన కార్డులు ఎన్నో ఉన్నాయి. వాటిని పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడాలి. చరిత్రకు, సాహిత్యానికి విలువైన రాతప్రతి 75 ఏళ్లు దాటితే 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుందని, దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదని కూడా తెలిసి ఉండడం మంచిది. మడతలు విప్పి, చెదలు, తడి తగలకుండా ఉంచాలి. సెల్లోటేపు అంటించరాదు. అది కొన్నాళ్లకు పసుపు తిరిగి కాగితాన్ని తినేస్తుంది. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో వేరే కాగితం మీద రాసి జతచేయాలి. ఆ పని చేయగలిగినది ఆ ముఖాలు, ఆ చేతిరాతలు గుర్తున్న మన తరమే. మన తరువాత ఆ ఉత్తరం ఎవరిదో చెప్పేవారుండరు. ఇంట్లో ఉంచే వీలు లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయాలున్నాయి, హైదరాబాదులో ప్రభుత్వ పత్రాగారం ఉన్నది. ముందుగా వారిని సంప్రదించవచ్చు.

మనుమలకు చూపించి, చదివి వినిపించి, ఇది మీ ముత్తాతగారి చేతిరాత అని చెప్పి అప్పగిస్తే, ఆ ఇంటికి కాపలాదారు దొరికినట్లే. ఈ సంచిక చదివిన సభ్యులు ఈ వారంలోనే ఒక పాత పెట్టె తెరుస్తారని ఆశిస్తూ, అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ సెలవు.